ఆవాస పాఠశాలల బాధితుల కోసం పోగుచేసిన డబ్బు ఎవరికి, ఎలా ఇవ్వాలి?

శారద (హామిల్టన్), అక్టోబరు 5

అందరికీ నమస్కారం. ఆవాస పాఠశాలల బాధిత పిల్లలను తలుచుకునే రోజైన సెప్టెంబరు 30న మా ఊరి తెలుగు సంఘం తరఫున నారింజ రంగు చొక్కాలు వేసుకుని నడక పెట్టుకున్నాం. అనుకున్నదానికన్నా ఎక్కువ మంది వచ్చారు, విరాళాలు 11,000 డాలర్లు దాటాయి. ఈ డబ్బు ఆదివాసీ ఆవాస పాఠశాలల నుంచి బతికి బయటపడినవారికి ఉపయోగపడాలని ముందే అందరికీ చెప్పాం. అంతవరకు అందరం ఒకటే. ఎలా అన్నదగ్గర కమిటీ మూడు ముక్కలైంది.

కొందరు వచ్చే ఉగాదికి పెద్ద సభ పెట్టి, ఆ బడిలో చదివిన ఒక పెద్దావిడను పిలిచి, ఆమె అనుభవం చెప్పించి, వేదిక మీద చెక్కు ఇద్దామంటున్నారు. కొందరు ఆదివాసీ విద్యార్థులకు ఉపకారవేతనం పెడదామంటున్నారు. నాకేమో ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీకేం కావాలని అడగాలని ఉంది.

ఇక్కడ ఇండియా నుంచి చదివేవారూ ఉన్నారు కాబట్టి నాలుగు మాటలు. కెనడాలో వంద సంవత్సరాలకు పైగా ప్రభుత్వం డబ్బిచ్చి, చర్చిలు నడిపిన బడులు ఇవి. ఫస్ట్ నేషన్స్, మెటిస్, ఇన్యుయిట్ అనే ఆదివాసీ సముదాయాల పిల్లలు సుమారు 1,50,000 మందిని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి వీటిలో పెట్టారు. 1920లో చట్టం సవరించి పంపడం తప్పనిసరి చేశారు. చేరిన రోజే జుట్టు కత్తిరించేవారు, సొంత భాష మాట్లాడితే కొట్టేవారు. చివరి బడులు మూతపడింది 1990ల రెండో భాగంలో. అంటే ఇది తాతల కాలపు సంగతి కాదు. నా వయసువాళ్ళు కూడా అందులో ఉన్నారు.

మీ అభిప్రాయాలు చెప్పండి.

రఘురామ్ (కాల్గరీ), అక్టోబరు 5

శారద గారూ, మీ మనసు మంచిదే. కానీ నాకు రెండు అభ్యంతరాలున్నాయి, దాచుకోకుండా చెబుతాను. ఒకటి, ఈ దేశ ప్రభుత్వం ఇప్పటికే వందల కోట్ల డాలర్ల పరిహారం ఇచ్చింది. మన 11,000 అందులో ఏ మూలకు? రెండు, ఆ తప్పు చేసింది మనం కాదు. మనం వచ్చి పదిహేనేళ్ళు. మన దగ్గర డబ్బుంటే పాడేరులోనో, ఆదిలాబాద్‌లోనో మన ఆదివాసీ పిల్లలకు పంపడం న్యాయం కాదా?

సుధాకర్ (ఎడ్మంటన్), అక్టోబరు 6

రఘురామ్ గారి ప్రశ్నకు వేరేవారు జవాబు చెబుతారు. నాదొక చిన్న మాట.

నేను తాడికొండ గురుకులంలో చదివాను. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటివాణ్ణి నేనే. "రెసిడెన్షియల్ స్కూల్" అంటే నాకు ఛాతీ ఉప్పొంగే మాట. 1971లో సర్వేల్‌లో మొదలైన ఆ ప్రయోగం లేకపోతే నాలాంటివాళ్ళు ఎందరో పొలం గట్టు మీదే ఉండిపోయేవారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో పక్క బల్ల సహోద్యోగితో గొప్పగా అన్నాను, నేను రెసిడెన్షియల్ స్కూల్ విద్యార్థినని. ఆయన చేతిలో కాఫీ కప్పు అలాగే ఆగిపోయింది. ఆయన క్రీ అనే ఆదివాసీ జాతివాడు. వాళ్ళమ్మ అలాంటి బడిలో తొమ్మిదేళ్ళు గడిపిందట. మా మధ్య ఒకే మాట, అర్థాలు మాత్రం రెండు. నేను వివరించాక ఆయన అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది: "నిన్ను మీ నాన్న పంపాడా, ఇంకెవరైనా తీసుకెళ్ళారా?"

మా నాన్న నన్ను బస్సెక్కించి, దసరాకి రమ్మని చెప్పి పంపాడు. ఎప్పుడు కావాలన్నా వచ్చి చూసేవాడు. తేడా అంతా అక్కడే ఉంది. మనవాళ్ళతో ఈ విషయం మాట్లాడేటప్పుడు ముందు ఈ మాట విప్పి చెప్పాలి. లేకపోతే "హాస్టల్లో దెబ్బలు మేమూ తిన్నాం" అని తేల్చేస్తారు.

పద్మజ (విన్నిపెగ్), అక్టోబరు 6

నేను నర్సును. వృద్ధాశ్రమంలో పని. రఘురామ్ గారూ, "పరిహారం ఇచ్చేశారు కదా" అన్నదానికి లెక్కలు నాకు రావు, నేను చూసింది చెబుతాను.

ఉత్తర మానిటోబా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మా దగ్గర ఉండేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. తల దువ్వబోతే చేతిని నెట్టేసేది. గొడవ చేస్తుందని ఆమె కాగితాల్లో రాసిపెట్టారు కూడా. ఒకరోజు రాత్రి డ్యూటీలో టోపీ తీసి జడ వేసుకుంటున్నాను. తలుపు దగ్గర చక్రాల కుర్చీలో ఆగి, నా మూడుపాయల జడనే చూస్తోంది. చివరిదాకా అల్లేవరకు కదల్లేదు. తర్వాత తన తల చూపించింది. నెరిసిన పలుచని జుట్టు, మెడ దాటదు. దాన్నే మూడు పాయలు చేసి పిడికెడంత జడ వేశాను. అప్పుడు చెప్పింది, ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ వేసిన జడను బడిలో మొదటిరోజు కత్తిరించి నేల మీద పడేశారని, ఊడ్చింది తన అక్కేనని. ఆ తర్వాత అక్కతో మాట్లాడనివ్వలేదట.

ఆమెకు చెక్కు వచ్చింది. చాలా ఏళ్ళ క్రితమే వచ్చింది. చెక్కు వచ్చిన రోజున పక్కన కూర్చోవడానికి ఎవరూ లేరు. ఊరికి చేరువలో వాళ్ళ భాషలో మాట్లాడగలిగిన మనిషి ఒకరున్నా, ఆమె ఎనభై ఏళ్ళకు కాకుండా యాభై ఏళ్ళకే నోరు విప్పి ఉండేది. డబ్బు అలాంటి మనిషిని నిలబెట్టడానికి కావాలి.

ఫణీంద్ర (సాస్కటూన్), అక్టోబరు 7

లెక్కలు నేను చెబుతాను. వృత్తి అదే, పైగా ఇక్కడి రెండు ఫస్ట్ నేషన్స్ సముదాయాల పద్దులు చూసే సంస్థలో కొన్నాళ్ళు పనిచేశాను.

రఘురామ్ గారు చెప్పిన పరిహారం 2006లో కుదిరి, 2007 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన ఒప్పందం నుంచి వచ్చింది. దానికోసం బాధితులు కోర్టుల్లో ఏళ్ళ తరబడి పోరాడారు, ప్రభుత్వం తనంతట తాను ఇచ్చింది కాదు. అందులో రెండు భాగాలు. బడిలో ఉన్న ప్రతివారికీ మొదటి సంవత్సరానికి 10,000 డాలర్లు, ఆ పైన ఏడాదికి 3,000. లైంగికంగా, శారీరకంగా హింసకు గురైనవారు విడిగా దరఖాస్తు చేసుకోవాలి. అలా 38,000కు పైగా దరఖాస్తులు వచ్చాయి, 323 కోట్ల డాలర్లు చెల్లించారు. ఆ దరఖాస్తు ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి: చిన్నప్పుడు మీకు ఏం జరిగిందో, ఎన్నిసార్లు జరిగిందో, ఒక గదిలో కూర్చుని అపరిచితుల ముందు వివరంగా చెప్పాలి. దాన్నిబట్టి పాయింట్లు వేస్తారు. పాయింట్లనుబట్టి డబ్బు.

వ్యక్తికి ఇచ్చిన డబ్బు అది. సముదాయం కోలుకోవడానికి ఇచ్చిన డబ్బు కథ వేరు. 1998లో 35 కోట్ల డాలర్లతో అబొరిజినల్ హీలింగ్ ఫౌండేషన్ పెట్టారు. నడిపింది ఆదివాసులే. ఊళ్ళలో చిన్న చిన్న బృందాలకు డబ్బిచ్చేది: పెద్దలతో కూర్చునే వలయాలు, భాష నేర్పే శిబిరాలు, మద్యం మాన్పించే కేంద్రాలు, ఇంటింటికీ వెళ్ళి పలకరించే కార్యకర్తలు. 2007 ఒప్పందంలో దానికి ఇంకో 12.5 కోట్లు కలిశాయి. 2010లో ప్రభుత్వం కొత్త నిధులు ఇవ్వలేదు. 134 కార్యక్రమాలకు ఆ మార్గం మూసుకుపోయింది. 2014లో సంస్థే మూతపడింది. అంటే, హింస గురించి నోరు విప్పమని ఆ వేలమందిని గదుల్లోకి పిలుస్తున్న కాలంలోనే, బయటికి వచ్చాక ఆసరా ఇచ్చే మనుషుల జీతాలు ఆగిపోయాయి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఇక కేథలిక్ సంస్థలు. ఇదే ఒప్పందంలో 2.5 కోట్ల డాలర్లు చందాలుగా సేకరించడానికి శాయశక్తులా ప్రయత్నిస్తామని రాసిచ్చాయి. వచ్చింది 40 లక్షలలోపు. 2015లో కోర్టు తీర్పుతో ఆ బాధ్యత నుంచి బయటపడ్డాయి. 2021లో ఒక పాత బడి దగ్గర సమాధులున్నాయన్న వార్త దేశాన్ని కుదిపేశాక, ఐదేళ్ళలో 3 కోట్లు ఇస్తామని బిషప్పుల సమాఖ్య కొత్తగా మాటిచ్చింది.

ఇంకొకటి. బడుల ఆవరణల్లో చనిపోయిన పిల్లల జాడ వెతకడానికి కేంద్రం ఇచ్చే నిధిలో ఒక్కో సముదాయానికి ఏడాదికి 30 లక్షల డాలర్ల వరకు వచ్చేది. 2024 జులైలో ఆ పరిమితిని 5 లక్షలకు కుదించారు. సముదాయాలు గట్టిగా నిలదీశాయి. ఆగస్టులో ఆ శాఖ అప్పటి మంత్రి గ్యారీ ఆనందసంగరీ ఆ నిర్ణయం వెనక్కి తీసుకుని, తప్పయిందని ఒప్పుకున్నారు. ఆయన శ్రీలంక నుంచి వచ్చిన తమిళ కుటుంబం బిడ్డ అని కూడా రఘురామ్ గారు గమనించాలి. "మనం చేసింది కాదు" అన్న మాట ఆయనా అనవచ్చు.

కాబట్టి శారద గారూ, ఎంత ఇస్తున్నామన్నది రెండో విషయం. మొదటి విషయం, ఆగకుండా ఇవ్వగలమా?

రఘురామ్ (కాల్గరీ), అక్టోబరు 7

2007 ఒప్పందం సంగతి ఇంత వివరంగా నాకు తెలియదు, ధన్యవాదాలు. కానీ ఇంకో సందేహం. కామ్‌లూప్స్‌లో అలాంటి పాత బడి దగ్గర 215 సమాధులన్నారు. ఇంతవరకు తవ్వలేదు, ఒక్క అవశేషమూ బయటికి రాలేదు అని మా ఆఫీసులో చాలామంది అంటున్నారు. నిజం తేలకుండా దాని చుట్టూ డబ్బు ఖర్చు చేయడం ఏమిటి?

ఫణీంద్ర (సాస్కటూన్), అక్టోబరు 8

అడగవలసిన ప్రశ్నే. 2021 మే నెలలో అక్కడ దొరికినవి రాడార్ చూపిన గుర్తులు. నేలలోకి తరంగాలు పంపితే, ఎక్కడ మట్టి ఒకప్పుడు కదిలిందో తెలుస్తుంది, ఎముకలు కనిపించవు. అందుకే అవి సమాధులు కావచ్చన్న మాటే సరైనది. తవ్వాలా వద్దా అన్నది ఆ పిల్లల బంధువులు తేల్చుకోవాలి, వాళ్ళలోనే రెండు అభిప్రాయాలున్నాయి. మన ఇంట్లో పోయిన పిల్లవాణ్ణి పెట్టిన చోటు తవ్వమని పక్కింటివాళ్ళు తొందరపెడితే ఎలా ఉంటుంది?

కానీ పిల్లల మరణాలకు ఆధారం ఆ రాడార్ ఒక్కటే కాదు. విన్నిపెగ్‌లోని జాతీయ సత్య సయోధ్య కేంద్రం పాత కాగితాలు వెతికి 4,100కు పైగా పేర్లు నమోదు చేసింది. ప్రభుత్వ వైద్యాధికారి పీటర్ బ్రైస్ 1907లోనే ఈ బడుల్లో క్షయతో పిల్లలు చనిపోతున్నారని నివేదిక ఇచ్చాడు. పట్టించుకోలేదు. చాలాచోట్ల శవాన్ని ఇంటికి పంపే ఖర్చు కూడా ప్రభుత్వం పెట్టలేదు.

ఇక డబ్బు దేనికంటే, రాడార్ పట్టుకుని ఎక్కడపడితే అక్కడ నడవరు. "రాత్రిపూట ఆ చెట్ల వెనక లాంతరు కనిపించేది" అని ఎవరో ఒక ముసలాయన చెప్పాలి. ఆయన్ను వెతకాలి. ఒకే బడిలో ఇరవై ముప్పై ఊళ్ళ పిల్లలుండేవారు, ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్ళను ఒకచోట చేర్చడానికి బస్సులు, బస, భోజనం, దుబాసీలు కావాలి. అది విన్న తర్వాత మనసు నిలవనివాళ్ళకు తోడు కావాలి. ఖర్చంతా అక్కడ.

మైథిలి (వాటర్లూ), అక్టోబరు 9

శారదక్కా, నేను ఈ నెల మొదటి వారంలో బ్రాంట్‌ఫర్డ్ వెళ్ళాను. మోహాక్ ఇన్‌స్టిట్యూట్ పాత భవనం సెప్టెంబరు 30 నుంచి సందర్శకుల కోసం తెరిచారు కదా. 1970లో మూతపడిన బడి అది. 2013లో పైకప్పు కారి పాడైపోతుంటే, కూల్చేద్దామా ఉంచుదామా అని సిక్స్ నేషన్స్ అనే అక్కడి ఆదివాసీ సముదాయం ప్రజలను అడిగారట. 98 శాతానికి పైగా ఉంచమన్నారు, సాక్ష్యం పోకూడదని. ఆ తర్వాత పన్నెండేళ్ళు చందాలు పోగుచేసి బాగుచేశారు.

నేను ముందు గదులు చూసి, తర్వాత భవనం వెనక్కి వెళ్ళాను. గోడ ఇటుకల మీద పిల్లలు చెక్కిన పేర్లు ఉన్నాయి. కొన్ని అక్షరాలు నా నడుము ఎత్తులో ఉన్నాయి. వంగితే తప్ప చదవలేను. వేలు పెట్టి చూస్తే ఒక్కో గీత లోతుగా దిగింది, మేకుతోనో రాయితోనో చాలాసేపు గీస్తే తప్ప అంత లోతు రాదు. ఆవరణలో ఆపిల్ తోట ఉండేదట. పిల్లలు కోస్తే దండన. వాళ్ళకు పెట్టింది మాత్రం పూటపూటా జావ. అందుకే ఆ బడికి "మష్ హోల్" అని పిల్లలే పేరు పెట్టారు.

రఘురామ్ అంకుల్, ఒక్క మాట. నేను ఉంటున్న వాటర్లూ, కిచెనర్, మన తెలుగువాళ్ళు ఇళ్ళు కొంటున్న కేంబ్రిడ్జ్, ఇవన్నీ 1784లో గ్రాండ్ నదికి రెండు వైపులా ఆరేసి మైళ్ళు సిక్స్ నేషన్స్‌కు ఇచ్చిన నేలలో ఉన్నాయి. ఇప్పుడు వాళ్ళ చేతిలో మిగిలింది అందులో అయిదు శాతం లోపే. మన ఇంటి పట్టా కాగితం కింద ఈ చరిత్ర ఉంది. ఇంకొకటి, 2021 నుంచి పౌరసత్వ ప్రమాణంలో ఆదివాసుల ఒప్పంద హక్కులను గౌరవిస్తామన్న మాట చేరింది. ఈ బడుల మీద విచారణ జరిపిన సత్య సయోధ్య కమిషన్ ఇచ్చిన 94 పిలుపుల్లో చివరిది అదే, కొత్తగా వచ్చినవాళ్ళ గురించినది. పోయిన ఏడు మా అమ్మానాన్నలు కుడిచెయ్యెత్తి ఆ మాటే పలికారు.

ఈశ్వర్ (ఉట్నూరు), అక్టోబరు 10

ఇక్కడ గిరిజన ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. రఘురామ్ గారు మా పిల్లలను తలుచుకున్నందుకు సంతోషం. కానీ దయచేసి మమ్మల్ని అడ్డం పెట్టి అక్కడివాళ్ళకు ఇవ్వడం ఆపకండి.

మా బడినీ ఆ బడులనూ ఒకే గాటన కట్టను. మా పిల్లలు సెలవులకు ఇంటికి వెళతారు, తల్లులు సంతరోజున వచ్చి చూసి వెళతారు. అయినా ఆ కథలు చదివాక నాలో నేను వెతుక్కున్న విషయం ఒకటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు తరగతిలో గోండి మాట్లాడితే ఊరుకునేవాణ్ణి కాదు. తెలుగు త్వరగా రావాలని అనుకున్నాను. ఒకటో తరగతి పిల్ల మూడు నెలలు నోరు తెరవలేదు. నేను గోండిలో నాలుగు మాటలు నేర్చుకుని "నీ పేరేమిటి" అని అడిగినరోజు పేరుతోపాటు వాళ్ళ మేకల పేర్లు కూడా చెప్పింది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టారు, మంచి పని. ఉపాధ్యాయుల కొరతతో చాలాచోట్ల సాగలేదు. ఇక్కడ కూడా ఆగకుండా సాగడమే సమస్య.

రఘురామ్ (కాల్గరీ), అక్టోబరు 11

ఈశ్వర్ గారూ, మీ మాట నన్ను ఆలోచింపజేసింది. మైథిలి, నీ మాట కూడా. నేను మా ఊరికి పంపేది పంపుతాను, అది మానను. దీనికీ నా వంతు ఇస్తాను. అయితే ఉగాది సభలో చెక్కు ఇవ్వడంలో తప్పేముంది? పదిమంది చూస్తే ఇంకో పదిమంది ఇస్తారు కదా.

పద్మజ (విన్నిపెగ్), అక్టోబరు 11

చెక్కు ఇవ్వడంలో తప్పు లేదండీ. ఆమెను పిలిచి "మీ అనుభవం చెప్పండి" అనడంలో ఉంది. పులిహోర, సన్నాయి, పిల్లల కూచిపూడి, మధ్యలో ఇరవై నిమిషాలు ఆమె కన్నీళ్ళు, తర్వాత వందన సమర్పణ. ఆ రాత్రి ఆమె ఒంటరిగా ఇంటికి వెళుతుంది. చెప్పాలనుకున్నవాళ్ళు తమంతట తాము చెబుతారు. పిలిస్తే మాత్రం ప్రయాణ ఖర్చు, గౌరవ వేతనం ఇవ్వాలి, తోడుగా వచ్చేవాళ్ళకు కూడా ఏర్పాటు చేయాలి. ఏం మాట్లాడాలన్నది ఆమె ఇష్టం. పాత రోజులు కాకుండా మనవరాలి హాకీ గురించి మాట్లాడినా వినాలి.

ఫణీంద్ర (సాస్కటూన్), అక్టోబరు 12

పన్ను రసీదు సంగతి కొందరు విడిగా అడిగారు. చాలా ఫస్ట్ నేషన్స్ ప్రభుత్వాలు విరాళాలు తీసుకుని రసీదు ఇవ్వగల సంస్థలుగా పన్నుల శాఖ దగ్గర నమోదై ఉన్నాయి. జాబితా ఆ శాఖ వెబ్‌సైటులో ఉంటుంది, చూసుకోండి. మీ సంఘం ధర్మసంస్థగా నమోదై ఉంటే, 2022 చట్ట సవరణ తర్వాత నమోదు కాని చిన్న బృందాలకు కూడా ఇవ్వవచ్చు, కాగితాలు సరిగ్గా ఉంచుకోవాలి. దయచేసి ఆ బృందాన్ని ఇరవై పేజీల నివేదిక అడగకండి. ఇద్దరు మనుషులతో నడిచే కార్యాలయాలవి. నేను చూసినచోట ఒకావిడ వారంలో రెండు రోజులు దాతలకు నివేదికలు రాయడంలోనే గడిపేది.

ఇంకో ముఖ్యమైన సంగతి, చాలామందికి తెలియదు. ఇందాక చెప్పిన హింస దరఖాస్తుల్లో బాధితులు చెప్పిన వాంగ్మూలాలున్నాయి. అవి ఎవరివి వారివేనని, భద్రపరచమని వాళ్ళు కోరకపోతే నాశనం చేయాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. గడువు 2027 సెప్టెంబరు 19. ఉంచాలా వద్దా అన్నది పూర్తిగా వాళ్ళిష్టం. కానీ ఎంచుకునే అవకాశం ఉందని ముందు తెలియాలి కదా! మారుమూల ఊళ్ళో, ఇంటర్నెట్ లేని ఇంట్లో ఉన్న డెబ్బై ఏళ్ళ మనిషికి ఎవరు వెళ్ళి చెబుతారు? ఈ పనికి డబ్బు ఇప్పుడే కావాలి, 2028లో కాదు.

శారద (హామిల్టన్), నవంబరు 16

ఆలస్యానికి మన్నించండి. కమిటీ ఒప్పుకుంది. ఉగాది సభ మామూలుగానే జరుగుతుంది, అందులో చెక్కు ఉండదు. మేం ముగ్గురం బాధితులే నడుపుకునే ఒక బృందం దగ్గరికి వెళ్ళాం. పేరు ఇక్కడ రాయవద్దన్నారు, రాయను. ఏం తీసుకెళ్ళాలో ముందే ఫోను చేసి అడిగాను. పొగాకు ఇచ్చి అడగడం వాళ్ళ మర్యాద. మనం పసుపు కుంకుమ, తాంబూలం పెట్టి పిలిచినట్టే. అది కాకుండా అరిసెలు చేసి పట్టుకెళ్ళాను.

రెండు గంటలు కూర్చున్నాం. వాళ్ళడిగినవి మూడు. వసంతకాలంలో జరిగే సమావేశానికి దూరపు ఊళ్ళ నుంచి పెద్దలను తెచ్చే బస్సు. ఆ వాంగ్మూలాల గడువు గురించి ఇంటింటికీ వెళ్ళి చెప్పే ఇద్దరికి పెట్రోలు ఖర్చు. మూడోది నేను ఊహించనిది: సమావేశం మర్నాడు ఒక సలహాదారు జీతం. సమావేశం రోజున ప్రభుత్వ నిధులతో అందరూ ఉంటారట. మర్నాడు ఉదయం ఎవరూ ఉండరు. ఫోన్లు వచ్చేది అప్పుడే అని అక్కడి పెద్దాయన చెప్పారు.

ఒక్కసారి కాదు, మూడేళ్ళు ఇస్తామని చెప్పాం. రాసి కూడా ఇచ్చాం. మొదటి ఏడాది డబ్బు ఉంది. మిగిలిన రెండేళ్ళకు నెలకు 10 డాలర్ల చొప్పున కట్టేవాళ్ళు 60 మంది కావాలి. ఇప్పటికి 23 మంది అయ్యారు.

రఘురామ్ (కాల్గరీ), నవంబరు 16

24 రాసుకోండి. మా ఆవిడ పేరు విడిగా 25.

మైథిలి (వాటర్లూ), నవంబరు 17

26. శారదక్కా, ఇంటింటికీ వెళ్ళే ఆ ఇద్దరికి చలికాలంలో బండి సమస్య అని ఫోనులో అన్నావు కదా. నా దగ్గర మంచు టైర్లున్న కారు ఉంది, శనివారాలు ఖాళీ. నడపడానికి మాత్రమే వస్తాను, లోపలికి రాను, బయట కూర్చుంటాను. వాళ్ళకు అభ్యంతరం లేదేమో అడిగి చెప్పు.